ఎర్రగీత

శ్రీరమ్య నేల మీద పరిచిన కొలత టేపు మీదికి తోపుడు బండి ఎక్కించేశాడు జక్రయ్య.

"తాతా! చూసుకోవా?"

"బండికేం తెలుసమ్మా, నేనే చూసుకోవాల. తప్పే," అంటూ నాలుగు మిరప బస్తాలతో సాగిపోయాడు.

దర్శి రోడ్డు మీదున్న ఆ కారం మిల్లుకి ఆమె మంగళగిరి ఆఫీసు నుంచి వచ్చి మూడు రోజులైంది. ఏ యంత్రం ఎక్కడుంటే మనుషులు తక్కువ నడుస్తారో తేల్చి చెప్పే ప్రోగ్రాం ఆమె లాప్‌టాప్‌లో ఉంది. ఎందుకు నడుస్తున్నారని మాత్రం అది ఎవర్నీ అడగదు. అంత మర్యాద దానిది.

మిల్లు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆడవాళ్ళు తొడిమలు తీసే షెడ్డు ఇక్కడ. ఆ కాయలు ఆడించే మర ఎక్కడో తూర్పు గోడ దగ్గర, అత్తతో పొసగక వేరు కాపురం పెట్టినట్టు. మధ్యలో ఎనభై అడుగుల ఖాళీ జాగా.

రోజుకి అరవై సార్లు జక్రయ్య ఆ జాగా దాటుతాడు.

ఎవరు ఎక్కువ తిరిగితే స్క్రీను మీద వాళ్ళ గీత అంత లావు. జక్రయ్యది బొటనవేలంత ఎర్రగీత. దాని పక్కన 'అనవసరపు నడక' అని రాసుకుంది శ్రీరమ్య.

నాలుగో రోజుకి ప్రోగ్రాం తేల్చేసింది. మరని షెడ్డుకి ఆనుకుని పడమటి పక్కన పెట్టాలి. నడక సగానికి సగం తగ్గుతుంది. ఎర్రగీత మాయం.

యజమాని నాగేంద్రబాబు మురిసిపోయాడు. "అయితే బండి అక్కర్లేదంటారు!"

"బండీ అక్కర్లేదు, తోసే మనిషీ అక్కర్లేదండీ."

ఆ రెండో ముక్క ఆయన అడగలేదు. ఆమే అంది.

సాయంత్రం జక్రయ్య వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మర అక్కడ పెట్టించొద్దమ్మా."

వస్తాడని ఆమెకి తెలుసు. పని పోతుందన్న భయం, పాపం.

"తాతా, కంప్యూటరు నలభై వేల రకాలుగా మార్చి మార్చి చూసింది. అన్నిట్లోకి ఇదే మంచిదంది."

"నలభై వేలే!" జక్రయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అన్నిసార్లలో ఒక్కసారన్నా దగ్గిందా అమ్మా, అది?"

శ్రీరమ్యకి నవ్వాగలేదు.

"నవ్వులాట కాదమ్మా. ఎండాకాలం గాలి..."

ఫోన్ మోగింది. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి ఆయన లేడు. ఆ ఒక్క నిమిషం మళ్ళీ ఆమే ఇవ్వలేదు.

కంప్యూటరు దగ్గు సంగతి మాత్రం ఆఫీసులో నలుగురికి చెప్పింది. వాళ్ళు నలభై మందికి చెప్పారు.

జనవరిలో మర మార్చారు. బోల్టులకి నేల చదును చేస్తూ మేస్త్రీ బుడే కేకేశాడు.

"మేడమ్, ఇటు చూడండి! మనం కొట్టాల్సిన నాలుగు బెజ్జాలూ ఎవరో ఎప్పుడో కొట్టేశారు. మళ్ళీ సిమెంటుతో పూడ్చేశారు."

"చూశారా, పాతవాళ్ళకీ తెలివుండేది," అంది శ్రీరమ్య. ఫొటో తీసి ఆఫీసుకి పంపింది. అంత తెలివున్నవాళ్ళు మళ్ళీ ఎందుకు పూడ్చారో అడగాలని తోచలేదు.

అదే రోజు జక్రయ్యకి వీడ్కోలు. ఎండాకాలం ముందు గోధుమరంగు ఉన్ని శాలువా. నాగేంద్రబాబు దాన్ని ఆమె చేతే కప్పించాడు.

ఏప్రిల్‌లో పడమటి గాలి లేచింది.

"ఒకసారి రండి మేడమ్," అన్నాడు నాగేంద్రబాబు ఫోన్‌లో. గొంతులో మురిపెం లేదు.

షెడ్డులో ఆడవాళ్ళందరూ ముక్కులకి గుడ్డలు కట్టుకున్నారు. కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి. ఇద్దరు వారం నుంచి పనికి రావడం లేదు, ఒకావిడ ఒంగోలు ఆసుపత్రిలో ఉంది. మర నుంచి లేచిన ఎర్రటి పొడి గాలితో పాటు నేరుగా లోపలికి వస్తోంది.

మాట్లాడదామని శ్రీరమ్య నోరు తెరిచింది. మాట రాలేదు. దగ్గొచ్చింది.

కాసేపటికి తేరుకుని, "పాత చోటికే మార్చేద్దామండీ," అంది.

"మారిస్తే? అంత దూరం రోజూ బస్తాలు ఎవరు మోస్తారండీ?"

షెడ్డులో అందరికంటే పాత మనిషి ప్రేమమ్మ. ముక్కు మీది గుడ్డ కిందికి లాగింది.

"మీ నాయనగారూ ఇదే మాటన్నారు బాబూ. ఇరవై ఆరేళ్ళ కిందట మర ఇక్కడే ఉండేది. పడమటి గాలికి మేం దగ్గి దగ్గి పడిపోతుంటే, ఒకాయన పోయి మరని అవతలికి జరపమని అడిగాడు. బస్తాలు ఎవరు మోస్తార్రా అన్నారు మీ నాయన. నేను మోస్తానయ్యా, కూలి కూడా పెంచొద్దు అన్నాడు."

"ఆయన భార్య ఈ షెడ్డులో చేసేదా?" శ్రీరమ్య అడిగింది.

"పెళ్ళే చేసుకోలేదమ్మా. ఈ షెడ్డులో ఆయనకి ఎవరూ లేరు. మేమే."



శ్రీరమ్యకి గొంతులో కారం ఇంకా మండుతూనే ఉంది. "తాత ఇప్పుడెక్కడున్నాడు?" అంది మెల్లగా.

"చీమకుర్తిలో, బండలు కోసేచోట కాపలాకి కుదిరాడమ్మా. రాతిపొడికి తట్టుకోలేక, నువ్వు కప్పిన శాలువానే ముక్కుకి చుట్టుకుంటున్నాడంట."