ముందుకు జరిగిన సీటు

మోకాలు స్టీరింగుకి ఠంగున కొట్టుకోగానే పగటి డ్రైవరు, రాత్రి డ్రైవరుకి ఓ డజను తిట్లు అంకితమిచ్చాడు.

"సీటు మళ్ళీ ముందుకి! అద్దం మళ్ళీ కిందకి!"

ఒకే ట్యాక్సీ, ఇద్దరు డ్రైవర్లు. పొద్దున తాళాలు ఇతని చేతికి, పొద్దుగూకితే ఆ చేతికి. తాళాలు చేతులు మారే ఐదు నిమిషాలూ తిట్లు. బండికి సెలవు లేదు, తిట్లకీ లేదు. ఇద్దరి మధ్యా ఉన్నవన్నీ పగలే, రాత్రుల్లేవు.

వెనక సీట్లో రాత్రి డ్రైవరు గారు వదిలేసిన అన్నం డబ్బా. కారంతా ఉల్లిపాయ కంపు. ఆ కోపంలో మెతుకు మిగల్చకుండా తినేశాడు.

ఇక లాభం లేదనుకుని మధ్యాహ్నం గోడౌన్ మేనేజరు ముందు నిలబడ్డాడు.

"రెండు ఖాళీలున్నాయి," అన్నాడు మేనేజరు. "పగలైతే బిల్లులు రాయడం. ఫ్యాను, కుర్చీ, మంచి జీతం. రాత్రైతే గేటు కాపలా. దోమలు, స్టూలు, అరకొర జీతం."

"రాత్రిదే ఇప్పించండి."

"మతి ఉందా? పెళ్ళయిందా?"

"అయిందనే అంటున్నారు."

"మరి రాత్రిళ్ళు ఇంటిపట్టున ఉండాలని లేదూ?"

"ఉండి? గోడలకి గోడు వెళ్ళబోసుకోనా? మా ఇంట్లో మాటామంతీ లేక ఏడాదవుతోంది సార్."

"అంత చెడిందా! పోనీ, జీతమైనా చూసుకోవయ్యా."

"జీవితంలోంచి ఓ అక్షరం ఊడితేనే సార్ జీతం. నాకా అక్షరం కావాలి."

మేనేజరు తల పట్టుకుని సరేనన్నాడు.

సాయంత్రం స్టాండులో, రాత్రి డ్రైవరు చెయ్యి అప్పటికే చాచి ఉంది.

"ఆలస్యం! ఇటు పడెయ్ తాళాలు."

"నువ్వు సీటు జరిపిన పుణ్యానికి నా మోకాలు బూరెలా వాచింది."

"వాచనీ. డబ్బా ఊడ్చింది నువ్వేనా?"

"ఉప్పెక్కువైంది."

"సిగ్గులేకపోతే సరి! ఇంతకీ పని కోసం గోడౌన్‌కి వెళ్ళావట, కారు వదిలేస్తున్నావా?"

"వదిలేశా. రేపట్నుంచి రాత్రి గేటు కాపలా."

తాళాలందుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "రాత్రా? పగటి పనే కదా మంచిది!"

"నిన్ను తిట్టడానికి ఐదు నిమిషాలు చాలట్లేదు. ఇక పగలంతా ఖాళీ. ఏడాది బాకీ మొత్తం తీర్చుకుంటా."

"దమ్ముంటే రా, చూసుకుందాం!"

"వస్తా. పారిపోకు."

పెళ్ళయిన ఏడాదికి ఆ ఆలుమగలిద్దరూ ఒకే పూట ఇంట్లో ఉండబోతున్నారు.