బోనులో గంటసేపు

కోటు కుడిచెయ్యి బుడ్డిగాడి నోట్లో ఉంది. మిగతా కోటు టైలరమ్మ చేతుల్లో ఉంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లాగుతున్నారు.

"వదలరా వెధవా. అది లాయరుగారిది. రేపు వేసుకోవాలాయన."

తొమ్మిది నెలల కుక్కకి లాయరైతేనేం, ఇంకెవరైతేనేం? చెయ్యి పర్రున ఊడొచ్చింది. దాన్ని కరుచుకుని బుడ్డిగాడు కుట్టుమిషను కిందకి దూరాడు.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న కుక్కల ట్రైనర్ నవ్వాపుకోలేకపోయింది. ఆవిణ్ని వెంటబెట్టుకొచ్చింది టైలరమ్మ తమ్ముడు. పదిరోజుల కిందట ఈ కుక్కని వీధికుక్కల ఆశ్రమం నుంచి తెచ్చి అక్క ఒళ్ళో పడేసిందీ ఆ మహానుభావుడే.

"లాగకండి వదినగారూ, మీరు లాగేకొద్దీ వాడికి ఆట. వాడికేసి చూడకుండా వీపు తిప్పేయండి," అంది ట్రైనర్. ఆవిడదీ ఇంచుమించు టైలరమ్మ వయసే. ఇంట్లో కాలు పెట్టీపెట్టగానే వరస కలిపేసింది.

టైలరమ్మ మూతి ముడుచుకుని వీపు తిప్పింది. చూసేవాళ్ళు లేకపోయేసరికి బుడ్డిగాడికి విసుగొచ్చింది. చెయ్యి అక్కడే వదిలేసి, వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అమ్మ దొంగా," అంది టైలరమ్మ మురిసిపోతూ.

తమ్ముడు అసలు సంగతి బయటపెట్టాడు. "ఆశ్రమం వాళ్ళు నెల గడువిచ్చారక్కా. ఇంట్లో నువ్వు లేనప్పుడు వీడు గంటసేపు బోనులో గోల చెయ్యకుండా ఉండాలి. ఉన్నాడని ఈవిడ సంతకం పెడితేనే కుక్క మనది. లేదంటే వెనక్కి పట్టుకుపోతారు."

"నేనెక్కడికి పోతానని? బట్టలిచ్చేవాళ్ళు ఇంటికే వస్తారు. దారాలొస్తాయి, కూరగాయలొస్తాయి. బయట తిరగడానికి నాకు తీరికేదీ?"

"రూలు రూలేనక్కా."

టైలరమ్మ బుడ్డిగాడి వంక చూసింది. పది రోజుల్లోనే వాడు లేని ఇల్లు ఊహకందడం మానేసింది. ఆవిడ ఒప్పుకుంది.

మొదటి వారమంతా బోనుతో స్నేహం. లోపల పాత దుప్పటి పరిచారు. తిండి గిన్నె అందులోనే పెట్టారు. తలుపు అరనిమిషం వేసి తీశారు, తర్వాత రెండు నిమిషాలు, తర్వాత పది. తప్పు చేశాడని అందులోకి తొయ్యకూడదు, అది వాడి గది అనిపించాలి అంది ట్రైనర్. వారం తిరిగేసరికి, మిషను చప్పుడు మొదలైతే చాలు, బుడ్డిగాడు తనంతట తనే వెళ్ళి పడుకునేవాడు.

"మీరుంటే బుద్ధిమంతుడే. ఇక మీరు లేకుండా ఉండటం నేర్పాలి," అంది ట్రైనర్. "నేను ఈ మూల నక్కి కూర్చుని చూస్తాను. మీరు తలుపేసి మెట్ల మీద నిలబడండి. కానీ చెప్పిన టైముకి ముందు వెనక్కి రాకూడదు. మధ్యలో వచ్చారంటే, ఏడిస్తే వస్తారని వాడికి తెలిసిపోతుంది. చేసిందంతా మళ్ళీ మొదటికొస్తుంది."

రెండు నిమిషాలకి తిరిగొచ్చి టైలరమ్మ ఆత్రంగా అడిగింది. "ఎలా ఉన్నాడు?"

"సన్నగా ఏడుస్తూనే ఉన్నాడు. మీ వాసన తగులుతోంది కాబోలు. రేపు గేటు దాకా వెళ్ళండి."

గేటు దగ్గర అయిదు నిమిషాలు. అక్కడా వాసన తగిలిందట. వీధి చివర పది నిమిషాలు నిలబడ్డ రోజు ఆవిడ గుండె దడదడలాడింది, అరచేతులు తడిసిపోయాయి. లోపల వాడి గుండె కూడా ఇలాగే కొట్టుకుంటోంది కాబోలు పాపం అనుకుంది. వెనక్కి పరిగెత్తాలనిపించింది. పరిగెడితే వాణ్ని పట్టుకుపోతారు. పళ్ళ బిగువున నిలబడి పోయే బళ్ళు లెక్కపెట్టింది.

"మూడేళ్ళకి కనబడ్డారండీ వీధిలో," అన్నాడు మూలకొట్టు ముసలాయన.

"కుక్క పనండీ. లేకపోతే నాకు తీరికేదీ?"

ఇంటికొచ్చేసరికి ట్రైనర్ మళ్ళీ పెదవి విరిచింది. "కాస్త తగ్గాడు. ఇంకొంచెం దూరం వెళితే దారికొస్తాడు."

"నా ప్రాణం తీస్తున్నాడు," అని విసుక్కుంటూనే టైలరమ్మ మర్నాడు ఇంకొంచెం దూరం వెళ్ళింది.

నెలాఖరు రోజున గంట పరీక్ష. బజారు దాకా వెళ్ళి రావాలి. పెద్ద రోడ్డు దాటాలి. మూడేళ్ళ కిందట తను బండి గుద్ది పడిపోయిన చోటు అదే. కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. చేతి గడియారం చూసుకుంది. పదహారు నిమిషాలే అయింది. ఇప్పుడు తిరిగితే కుక్క దక్కదు. రెండు వైపులా చూసి, పైట నడుముకి బిగించి, దాటేసింది.

అవతల బొత్తాల కొట్లో ఆవిడ చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. ఏడు డబ్బాలు దింపించి, లాయరుగారి కొత్త కోటుకి తనే స్వయంగా బొత్తాలు ఏరుకుంది. బేరమాడింది, గెలిచింది. తిరుగుదారిలో ఆ రోడ్డు దాటి చాలా దూరం వచ్చాక గానీ దాటిన సంగతి గుర్తురాలేదు. ఇల్లు చేరేసరికి గంటా ఇరవై నిమిషాలైంది.

"సంతకం పెడతావా, పెట్టవా?" అంది గుమ్మంలోంచే.

ట్రైనర్ అప్పటికే పెట్టేసిన కాగితం చూపించింది. తమ్ముడు ఎందుకో కళ్ళు తుడుచుకుంటున్నాడు. టైలరమ్మ బోను తలుపు తీసి, ఆవులిస్తున్న బుడ్డిగాణ్ని వాటేసుకుంది.

"నా బంగారుకొండ, ఎంత ధైర్యమొచ్చిందిరా నీకు. మూడు వారాలు ఏడ్చి ఏడ్చి, ఇవాళ్టికి గెలిచావు."

ట్రైనర్ సంచీ భుజాన వేసుకుని, వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వాడు ఒక్కరోజు కూడా ఏడవలేదు, వదినగారూ."