యాభై ఓములు

"మాస్టారూ, మీటరు పెట్టి చూశాను. కేబుల్ యాభై ఓములన్నారు, ఇదేమీ చూపించట్లేదు."

స్పీకర్లో ఆవిడ గొంతు వినగానే అతను స్టవ్ మీది టీ సంగతి మరిచిపోయాడు. కొండమీది ఆ వైర్‌లెస్ స్టేషన్లో అతనొక్కడే ఉంటాడు. ఎదురుకొండ స్టేషన్లో ఆవిడొక్కతే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. సాయంత్రం కాగానే గాలి, వాన అంకెలు చెప్పుకుని సెట్ కట్టెయ్యాలి. సొంత కబుర్లు కూడదని రూలు. పరికరం పాడైతే మాత్రం ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

అతని అదృష్టం కొద్దీ ఆవిడ యాంటెన్నా కేబుల్ పాడైంది. పంపిన పవరు కొంత వెనక్కి తన్నుతోందట. అతనికి మాత్రం ఆవిడ మాట పక్కగదిలోంచి వచ్చినట్టే ఉంది.

"అది మీటరుకి దొరకదండీ," అన్నాడు. "సిగ్నల్ పరిగెడుతున్నప్పుడే ఆ యాభై. ఊరికే పడున్న తీగలో ఏం కొలుస్తారు?"

"ఓహో. అయితే సగానికి కోస్తే ఇరవై అయిదు అవుతుందా?"

అతనికి నవ్వాగలేదు. ఆ గదిలో నవ్వు వినపడి తనే ఉలిక్కిపడ్డాడు.

"మూరెడున్నా మైలున్నా యాభయ్యే. మధ్యలో టీవీ కేబుల్ ముక్క అతికారేమో చూడండి. అది డెబ్బై అయిదు. లావు గొట్టానికి సన్న గొట్టం తగిలిస్తే నీళ్లు వెనక్కి ఎగదన్నవూ, అలాగ."

"నాది మట్టిబుర్ర మాస్టారూ. రేపు మళ్లీ మొదట్నించీ చెప్పాలి."

"చెప్తాను."

కేబుల్ బాగుపడితే మళ్లీ అంకెలే మిగులుతాయని అతనికి తెలుసు. అయినా తప్పు చెప్పడానికి మనసొప్పలేదు. నెమ్మదిగా చెప్పేవాడు, అంతే.

ఆ వారంలోనే ఇంజనీరు జీపులో దిగాడు. వెనకసీట్లో కొత్త కేబుల్ చుట్ట ఉంది.

"కాస్త టీ పొయ్యవయ్యా. ఎదురుకొండకి పోతున్నా. ఇవాళ్టితో ఆ గొడవ వదిలిపోతుంది."

అతను గ్లాసు అందించి కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఎదురుకొండ మంచులో మునిగి ఉంది.

"కొంచెం ఓపిగ్గా చెప్పండి సార్," అన్నాడు చివరికి. "ఆవిడకి కేబుళ్ల గురించి బొత్తిగా తెలీదు."

"ఎవరికి?"

"ఎదురుకొండావిడకి."

ఇంజనీరు గ్లాసు దించి అతనివైపు వింతగా చూశాడు.

"మాకు ట్రైనింగులో ఆ పాఠం చెప్పింది ఆవిడేనయ్యా."