పిన్ని పక్క మిషను

కొత్తగా చేరినామె స్టూలు ఆ రోజు కూడా కనపడలేదు.

"ఎవరైనా చూశారా?" అని అడిగింది.

లైను మొత్తం తలలు వంచుకుని కుట్టుకుంటోంది. ఆ చొక్కాల ఫ్యాక్టరీలో అంత శ్రద్ధగా పని జరగడం అరుదు.

"కాళ్లొచ్చి మేనేజరు గదిలోకి పోయుంటుందిలే. దానికీ అలవాటైంది కదా," అంది లీడరమ్మ.

అందరూ నవ్వారు. కొత్తామె నిలబడే కుట్టడం మొదలుపెట్టింది.

లైను ఆమెకు పెట్టిన పేరు చాడీలమ్మ.

ఆ పేరుకి ఆధారం ఒక్కటే. సాయంత్రం మిషన్లు ఆగే ముందు మేనేజరు ఆమెను గదిలోకి పిలిచేవాడు. గదికి అద్దాల తలుపు. మాటలు వినపడవు, మనుషులు కనపడతారు. ఆయన చేతులు ఊపుతుంటాడు. ఆమె తల వంచుకుని నిలబడి ఉంటుంది.

"నేల చూపులు చూస్తూ చాడీలు ఎలా మోస్తోందో చూడండే!" అనేది లీడరమ్మ. "మొహం ఎత్తి చెప్పడానికి సిగ్గు."

వినపడని మాటలను అంత స్పష్టంగా విన్నవాళ్లు ఇంకెక్కడా ఉండరు.

లైను భయమంతా పిన్ని గురించి.

పిన్ని అందరికంటే పెద్దది. కళ్లు మసకబారాయి. ఈ ఏడాది గట్టెక్కితే పింఛను వస్తుంది. ఈలోగా పైవాళ్లకు తెలిస్తే ఉత్త చేతులతో ఇంటికి పోవాలి. అందుకని, పిన్ని కళ్ల సంగతి బయటికి పొక్కనివ్వకూడదని లైను ఒట్టేసుకుంది. పొద్దున్నే ఎవరో ఒకరు ఆమె సూదిలో దారం ఎక్కించేవాళ్లు. దానితో తమ వంతు అయిపోయినట్టు వెళ్లి కూర్చునేవాళ్లు.

ఎవరు కుట్టిన కాలర్లు వాళ్ల ట్రేలో వేయాలి. ట్రేని బట్టి చెకింగ్ వాళ్లు ఎవరి తప్పో తేలుస్తారు. పిన్ని ట్రే నుంచి ఒక్క కాలరు కూడా వెనక్కి రావడం లేదు.

"పిన్ని చేతులకే కళ్లున్నాయి," అని లీడరమ్మ మురిసిపోయేది. "పైగా మనం కాపలా ఉన్నాం. చాడీలమ్మ ఆటలు సాగవు."

చాడీలమ్మ మిషను పిన్ని పక్కనే.

"అక్కడ్నించి లే. ఆ చివర మిషను ఖాళీగా ఉంది," అంది లీడరమ్మ ఒకరోజు.

"ఏం చేసినా చేయండక్కా. నన్ను ఇక్కడ్నించి మాత్రం కదపకండి."

"ఎందుకో? పిన్ని మీద అంత ప్రేమ పుట్టుకొచ్చిందా?"

కొత్తామె దారం తెంపుకుంది.

"విన్నారుగా! పక్కన కూర్చుంటేనే కదా కూపీ లాగేది."

ఆ తర్వాత ఆమె దారం బాబిన్లు మాయమవసాగాయి. ఆమె కుళాయి దగ్గరికొస్తే కబుర్లు ఆగిపోయేవి. అన్నం తినే బల్ల మీద ఆమె కూర్చుంటే మిగతావాళ్లు డబ్బాలు సర్దుకుని లేచేవాళ్లు. దీనికి లైను పెట్టుకున్న పేరు ఐకమత్యం.

చివరికి అందరూ కలిసి మేనేజరు గదికి వెళ్లారు.

"ఆమె ఉంటే రేపు మిషన్లు నడవవు సార్," అంది లీడరమ్మ.

"ఎవరు, ఆమేనా?" మేనేజరు అందరి మొహాలూ చూశాడు. "తీసేయమని మీరే అడుగుతున్నారా?"

"మేమే."

"అయితే నాకేం అభ్యంతరం?"

బేరం అంత తేలిగ్గా కుదిరితే మామూలుగా ఎవరికైనా అనుమానం వస్తుంది. లైనుకి రాలేదు.

"గుట్టు బయటపడిందని ఎలా వదిలించుకున్నాడో చూశారా!" అంది లీడరమ్మ బయటికొచ్చి.

కొత్తామె తన కత్తెర, డబ్బా సంచిలో వేసుకుంది. పిన్ని భుజం మీద చెయ్యి వేసింది.

"వెళ్లొస్తా పిన్నీ."

"నువ్వు చెప్పు పిన్నీ, మేం మంచిపని చేశామా లేదా?" అని అడిగింది లీడరమ్మ, ఆమెకు వినపడేలా.

పిన్ని తల ఎత్తలేదు. సూది కింద బట్ట లేదు. అయినా మిషను నడుపుతూనే ఉంది.

"పాపం, ఎంత బెదిరించి పెట్టిందో ముసలిదాన్ని," అన్నారు వెనక నుంచి.

మర్నాడు మధ్యాహ్నం చెకింగ్ అమ్మాయి ఒక చేతినిండా కాలర్లు తెచ్చి పిన్ని మిషను మీద పడేసింది. ఒక్కదానికీ కుట్టు తిన్నగా లేదు.

"ఇవి పిన్నివి కావు," లీడరమ్మ లేచింది. "పిన్ని కాలరు ఎప్పుడైనా వెనక్కొచ్చిందా?"

"ఆవిడ ట్రేలోవే. నా కళ్లు బానే ఉన్నాయి."

లైనులో మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. అద్దాల తలుపు తెరుచుకుంది.

"పెద్దమ్మా, ఒకసారి లోపలికి రా," అన్నాడు మేనేజరు.

పిన్ని లేచింది. బల్ల అంచు తడుముకుంటూ నడిచింది.

"భయపడకు పిన్నీ. మేమంతా లేమూ?" అంది లీడరమ్మ.

"నిన్న కూడా ఉన్నారు కదే."

"అదేం మాట? ఇన్నాళ్లూ నీ కాలర్లు అంత చక్కగా వచ్చాయి కదా, ఇవాళేమైంది?"

పిన్ని పక్క మిషను మీద చెయ్యి ఆనించి ఆగింది.

"అవి నావి కావే. నా వంకరవన్నీ తన ట్రేలో వేసుకుని, తను కుట్టినవి నా ట్రేలో పెట్టి, సాయంత్రం ఆ గదిలో నా తిట్లు తను తినొచ్చేది ఆ పిల్ల," అంది పిన్ని, తలుపు ఎటుందో చేత్తో వెతుక్కుంటూ.