తయారైన ఏడాది

“మీ నాన్న పేరు దీని మీద చెక్కలేను తమ్ముడూ,” అన్నాడు రిపేరు మేస్త్రి, సాక్సోఫోన్‌ను బల్ల మీద ఇవతలికి జరుపుతూ.

దాన్ని చెక్కించడానికి తెచ్చినతనికి చివుక్కుమంది. “వారం రోజులు తిప్పించుకుని ఇప్పుడా చెప్పడం?”

“పేరు పక్కన తయారైన ఏడాది కూడా చెక్కమన్నావుగా. దానికోసమే కూపీ లాగాను. ఇదిగో, బొటనవేలు ఆనించే కొక్కెం కింద నంబరు చూడు. ముప్పై ఏడు. ఈ రకం మొత్తం నలభై రెండే చేశారట. ఒక్క ఏడాదే చేసి ఆపేశారు. ఫ్యాక్టరీ మూతపడ్డా, అక్కడి గుమాస్తా పాత రిజిస్టర్లు ఇంట్లో భద్రంగా దాచుకున్నాడు. నిన్న వెళ్లి కళ్లారా చూసొచ్చా.”

మేస్త్రి అందించిన చీటీ మీద ఏడాది చూసి అతను వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు. నాన్న పోయిన మరుసటేడు!

“ఆ గుమాస్తాకి చత్వారమేమో!”

“నాకు లేదుగా.”

“మా నాన్న దీన్నే వాయిస్తుంటే విన్నానయ్యా నేను! పక్కగదిలోంచి, రోజూ. ఆయన మొహం గుర్తులేదు గానీ ఆ పాట గుర్తుంది. ఆ పాటే కదా నన్నీ బ్యాండులోకి లాక్కొచ్చింది!”

మేస్త్రి నసిగాడు. “ఏమో తమ్ముడూ. మీ అమ్మగారిని ఒక మాట అడగరాదూ?”

అతను వాద్యాన్ని పెట్టెలో సర్దుకుని బయటపడ్డాడు. బస్సులో కుదురుగా కూర్చోలేక రెండు స్టాపుల ముందే దిగిపోయి నడక మొదలుపెట్టాడు. నాన్న లేని ఇంట్లో, తలుపేసిన గదిలో రోజూ వాయించిన మగాడెవడు? ఎవడి పాటను నెత్తిన పెట్టుకుని ఇన్నేళ్లు ఊరేగాడు తను? అమ్మ గురించి అలా అనుకుంటున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ అనుమానం చెవిలో జోరీగలా రొద పెడుతూనే ఉంది. ఆ ధ్యాసలో సొంత ఇల్లే దాటిపోయి, సందు చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చాడు.

అమ్మ కిటికీ దగ్గర దుప్పటి మడతపెడుతోంది.

“చెక్కాడా?”

“లేదు.” పెట్టె మంచం మీద పెట్టాడు. “ఇది నాన్నది కాదటగా.”

ఆమె చేతులు ఆగాయి. “ఎవరన్నారు?”

“ఫ్యాక్టరీ రిజిస్టరు. అమ్మా, అప్పట్లో ఆ గదిలో ఉండేదెవరు? నిజం చెప్పు. నేనేమీ అనుకోను.” పైకి అలా అన్నాడే గానీ పెట్టె మీంచి చూపు ఎత్తలేదు.

ఆమె కొడుకు మొహంలోకి చూసింది. వాడేం అడుగుతున్నాడో అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వబోయి, నవ్వలేక, మంచం అంచున కూర్చుంది.

“మీ నాన్నది ఆయనతోపాటే ఏట్లో కొట్టుకుపోయిందిరా. ఇది ఆ తర్వాత నేను తెచ్చింది.”

“ఎవరికోసం?”

“నీకోసమే. నాన్న ఊరెళ్లాడంటే నమ్మేవాడివా? ఆ గదిలోంచి పాట వినపడితే గానీ ముద్ద ముట్టేవాడివి కాదు. ఏం చెయ్యను? ఆయన సరదాకి నేర్పిన ఆ ఒక్క పాటా, తలుపేసుకుని నేనే వాయించేదాన్ని.”