ఇంకో వరస అద్దాలు

"ఇంకో వరస కుట్టు," అంది ఉరుకుందమ్మ, గోడగుడ్డ అంచు పట్టుకుని చూస్తూ.

కోడలు సుంకమ్మ నడుం నొక్కుకుంటూ తలెత్తింది. ఆమెకిప్పుడు ఏడో నెల. ఎర్రగుడ్డ మీద వేణువు ఊదే కృష్ణుడు, పక్కన ఆవులు, చుట్టూ ఐదు వరసల అద్దాలు. ఏరువాక పున్నమికే అయిపోవలసిన పని, శ్రావణం వచ్చినా తెమల్లేదు.

"నీ కొడుకు వచ్చేతలికి గోడకు ఏలాడాలంటివి గదత్తా! ఇట్ల పెంచుకుంటా పోతే ఎప్పుడైతాది?"

"అయితాది లే. కుట్టు."

కొడుకు లక్ష్మప్ప తుంగభద్ర ఆనకట్ట పనికి పోయి ఆరు నెలలయింది.

ఆదోని నుంచి గాజులూ అద్దం బిళ్లలూ తెచ్చి ఎమ్మిగనూరు వీధుల్లో అమ్మే షరీఫా బీ ఇదంతా గడపలో నుంచి విన్నది. ఉరుకుందమ్మను పెరట్లోకి లాక్కుపోయింది.

"వట్టిమనిషి గూడా గాదు. ఆ పిల్లను ఇట్ల సంపుతావా అక్కా? కండ్లు సూడు, గుంటలు పడినాయి."

ఉరుకుందమ్మ గోడకు చేరగిలబడింది.

"వాడు లేడు షరీఫా. సలిజరమొచ్చి ఆడే పోయినాడంట. కూడా పనిజేసే మాదన్న వచ్చి సెప్పినాడు. రెండు నెలలాయ."

షరీఫా బీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"గుడ్డ అయిపోతే ఇది మొగునికోసరం దావ సూస్తాది. నన్నడుగుతాది. బిడ్డ బూమ్మీద పడేదాకా ఏమని సెప్పేది? కుట్టనీ."

కొంగుతో మొహం తుడుచుకుని, కడవ తీసుకుని నీళ్లకు పోయింది.

షరీఫా బీ లోపలికి వచ్చి అద్దాల పొట్లం సుంకమ్మ ముందు పెట్టింది. ఆ చేతినిండా తను తొడిగిన గాజులే. చూడలేక చూపు తిప్పుకుంది.

"ఇంక సాలమ్మా. నేను మీ అత్తతో మాట్లాడతా, ఆపేయ్."

"వద్దు షరీఫమ్మా." సుంకమ్మ పంటితో దారం తెంపింది. "ఈ పని ఉంటేనే మా అత్త నా ముందర కూసోని రోంత సంగటి తింటాంది. ఇది ఆపితే ఆయమ్మ పడిపోతాది."

"మీ అత్తకేమైంది?" అంది షరీఫా బీ, ఏమీ ఎరగనట్టు.

సుంకమ్మ వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"మాదన్న ముందు నాకే సెప్పినాడమ్మా."