గురువారం ట్యాంకర్లు

"ఒకసారికి ఒక్క ట్యాంకరే దించుతారా సార్?" ఎడ్విన్ రెండోసారి అడిగాడు.

"ఒకటంటే ఒకటే. రాసుకోండి" అన్నాడు మేనేజరు.

ఆత్మకూరు దాటాక ఉదయగిరి రోడ్డు పక్కన ఉందా ఫ్యాక్టరీ. తొంభై ఆరు ఏప్రిల్ ఎండ. వరసగా మూడు యాసిడ్ ట్యాంకులు. వాటి నుంచి లేచే ఆవిరిని నీళ్లతో కడిగే స్క్రబ్బరు ఒకటి పెట్టాలి. అది ఎంత పెద్దది కావాలో తేల్చి రమ్మని నెల్లూరు కంపెనీ ఎడ్విన్‌ను పంపింది. ఉద్యోగంలో చేరాక ఇదే మొదటి పని.

లెక్క మరీ కష్టమైందేమీ కాదు. ట్యాంకులోకి ఎంత యాసిడ్ ఎక్కితే, పైన గొట్టంలోంచి అంత ఆవిరి బయటికి రావాల్సిందే. ఎండకు ఉబ్బేది ఇంకాస్త. ఒక ట్యాంకరైతే చిన్న స్క్రబ్బరు చాలు. రెండు కలిపి దించితే అది చేతులెత్తేస్తుంది. మిగిలిన ఆవిరి గోడ దాటి జనం ముక్కుల్లోకే.

"అబద్ధం! గురువారం గురువారం రెండు దించుతారు."

షెడ్డు గుమ్మంలో ఒకామె. చంకలో నాలుగేళ్ల పాప. పాప ఒకటే దగ్గు.

"ఈ గోడ పక్కనే మా ఇల్లు. శుక్రవారం మీకు కరెంటు సెలవు, పంపు ఆడదు. అందుకని గురువారం మధ్యాన్నమే రెండూ ఒకేపారి లాగించేస్తారు. ఇంక శనివారం దాకా ఈ బిడ్డకు దగ్గే!"

మేనేజరు చేతులు జోడించాడు. "అమ్మా తల్లీ, కాసేపు ఊరుకుంటావా? పట్టించుకోకండి సార్. రోజూ పొద్దున్నే నాకు ఇదే పారాయణం."

"చేసి ఏం లాభం? చెవిన పడాల గదా!"

వాచ్‌మన్ తిరుపాలు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు. అతని భుజాలు ఎందుకు ఊగుతున్నాయో ఎడ్విన్‌కు అర్థం కాలేదు.

ఇంతలో ఫోను మోగింది. మేనేజరు ఆఫీసు గదిలోకి పరిగెత్తాడు.

"రుజువేమన్నా ఉండాదా అక్కా?" అన్నాడు ఎడ్విన్.

ఆమె బొడ్డులో దోపుకున్న క్యాలెండరు కాగితాలు తీసింది. ఒక ట్యాంకరు వచ్చిన రోజు ఒక సున్నా. రెండొచ్చిన రోజు రెండు. గురువారాల వరస నిండా కోడిగుడ్ల జతల్లాగా సున్నాలు. పక్కన టైములు కూడా.

"ఎనిమిదో తరగతితో బడి మానిపించినారు. నాకు చేతనైంది ఇంతే."

మూడు నెలల లెక్క ఇంత శుభ్రంగా ఎడ్విన్ కాలేజీలో కూడా రాసి ఎరగడు. ఫారం తీశాడు.

"మేనేజరు పేరేంది అక్కా?"

"ఆ పేరు నా నోటితో చెప్పను. బోర్డు మీదుండాది, చూసి రాసుకో."

అమ్మో, ఎంత కోపం అనుకుని, బోర్డు చూసి సురేంద్రబాబు అని రాసుకున్నాడు.

మేనేజరు తిరిగొచ్చాడు.

"సార్, రెండు ట్యాంకర్లకే లెక్క కడతాను. ఒకటికైతే సంతకం పెట్టను." ఎడ్విన్ ఆ క్యాలెండరు కాగితాలు అందుకుని మేనేజరు ముందు పెట్టాడు.

మేనేజరు అతన్ని చూశాడు. ఆమెను చూశాడు. దగ్గుతున్న పాపను చూసి తల గోక్కున్నాడు.

"రాసెయ్యండి. చిన్నది చాలన్నాడు ఓనరు. ఏమంటాడోనని ఇన్నాళ్లూ జంకినాను. ఆయన కాళ్లో గడ్డమో పట్టుకుంటాలే. ఈమెకు జవాబు చెప్పే ఓపిక మాత్రం నాకు లేదు."

"ఆ మాట మొన్ననే అనుంటే పరువు దక్కేది గదా మేనేజరు గారూ!" అంటూ ఆమె నవ్వి, పాపను కిందికి దించింది.

పెద్ద స్క్రబ్బరుకు లెక్క కట్టి, సంతకం చేసి, ఎడ్విన్ ఫైలు చంకన పెట్టుకుని గుమ్మం దాటాడు.

వెనక్కి తిరిగి చూసేసరికి, పాప మేనేజరు భుజమెక్కి కూర్చుని, "నాన్నా, ఈరోజన్నా అమ్మ నీకు అన్నం పెడతాదా?" అని అడుగుతోంది.